ఇంటి బాకీ ఎంతో ఇంట్లో అందరికీ తెలియాలి

సంపాదకులు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో, కష్టకాలంలో ఇంటిల్లిపాదీ మనసు దిటవుగా ఉంచుకోవడం ఎలాగో ఒక వ్యాసం వేశారు. పొద్దున్నే నడవమన్నారు. పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టమన్నారు. వారానికోసారి అందరూ కలిసి బయట భోంచేసి రమ్మన్నారు. చెడ్డ మాటలేం కావు. కాకపోతే అది ఒకటో తారీఖున జీతం పడే ఇంటి కోసం రాసిన వ్యాసం. మా సిరిసిల్లలో రాత్రంతా సాంచాల నడుమ అటూ ఇటూ తిరిగి, చెవుల్లో మోత తగ్గకముందే తెల్లారి ఇంటికొచ్చే మనిషిని మళ్ళీ నడవమని ఎవరు చెప్పాలి? అందుకే మా వైపు సంగతి రాస్తున్నాను. పొడుగైతే కత్తిరించుకోండి. బాకీ గురించి రాసిన చోట మాత్రం కత్తెర పెట్టకండి.

మా కిరాణా దుకాణం సాంచాల వాడలో ఉంది. సాంచాలంటే మరమగ్గాలు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి గల్లా మీద నేనే కూర్చుంటున్నాను. పాల ప్యాకెట్లతో షట్టర్ లేస్తుంది, రాత్రి షిఫ్టు వాళ్ళు చాయ్‌పత్తా, తంబాకు కొనుక్కుని పోయాక దిగుతుంది. ఇక్కడి పని తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్తాను. నూలు సేటు ఇస్తాడు. ఆసామి తన షెడ్డులో నాలుగో ఎనిమిదో సాంచాలు పెట్టుకుని ఆ నూలుతో కూలికి గుడ్డ నేయించి ఇస్తాడు. ఆసామి దగ్గర కార్మికుడు పన్నెండు గంటల షిఫ్టు చేస్తాడు, కూలి మీటరు లెక్కన. ఇంట్లో ఆడవాళ్ళు ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుడతారు, వాళ్ళకు వెయ్యి బీడీల లెక్కన. ఇద్దరూ రెక్కలు ముక్కలు చేసుకుంటారు గానీ నెల జీతం ఒక్కరికీ లేదు. సాంచె ఆగితే ఆయన కూలి పోతుంది. కంపెనీ ఆకు తక్కువ ఇస్తే ఆమె కూలి పోతుంది. ఆ నడుమ రోజులు గడిచేది నా ఉద్దెర ఖాతా మీద.

సర్కారు దసరాకు ఆడవాళ్ళకు పంచే బతుకమ్మ చీరల పని మా సాంచాలకు 2017లో మొదలైంది. దసరా దాకా చేతినిండా పని, ఆ తర్వాత మళ్ళీ ఆర్డరు కోసం ఎదురుచూపు. అయినా వస్తుందన్న నమ్మకం ఉండేది. ఆ నమ్మకం మీదే బిడ్డల పెళ్ళిళ్ళు ఖాయం చేసుకున్నారు, ఇంటి మీద ఇంకో అంతస్తు వేసుకున్నారు, కొందరు అప్పు తెచ్చి కొత్త సాంచాలు దించారు. 2024 మొదట్లో ఆర్డర్లు లేక షెడ్లకు తాళాలు పడ్డాయి. ఆ ఏడు బతుకమ్మ చీరలే ఆగిపోయాయి. పాత బిల్లుల పైసలు రాలేదని పైవాళ్ళు కిందివాళ్ళకు చెప్పారు, కిందివాళ్ళు వచ్చి నాకు చెప్పారు. తర్వాత మహిళా సంఘాల ఆడవాళ్ళకు ఇచ్చే ఇందిరా మహిళా శక్తి చీరల పని వచ్చింది. ఏ సర్కారు మంచిదో నేను తేల్చబోవడం లేదు. నా గల్లా ముందు రెండు పార్టీల వాళ్ళూ కొట్లాడుకుంటారు, ఇద్దరికీ ఉప్పు నేనే అమ్మాలి. నాకు కనబడింది వేరే. పని లేని నెల కంటే, పని ఉంటుందో లేదో తెలియని నెలే మనుషుల్ని ఎక్కువ పీల్చింది.

పని లేదని ఖాయమైనవాడు సంచి సర్దుకుని భీవండి పోయాడు, సూరత్ పోయాడు, హైదరాబాద్‌లో అపార్టుమెంటు వాచ్‌మన్‌గా కుదిరాడు. కష్టమే, కానీ నెలకింత పంపుతానని ఇంట్లో ఒక మాట చెప్పగలిగాడు. "వచ్చే వారం మొదలైతదట" అని విన్నవాడే ఎటూ పోలేక అరుగు మీద కూర్చుని ఎండిపోయాడు. ఆ "అట" దగ్గరే ఇల్లు కుంగిపోతుంది. పొద్దున ఒకరు ఆర్డరు వచ్చిందంటారు, పగటికి రాలేదంటారు, రాత్రికి ఎవరో నాయకుడు హైదరాబాద్‌లో మాట్లాడి వచ్చాడంటారు. మూడుసార్లు ఆశపడి మూడుసార్లు చప్పబడిన మనిషి నాలుగోసారి ఇంట్లో నోరు విప్పడు.

వాడలో ఏం నడుస్తోందో నాకు డాక్టరు చెప్పనక్కర్లేదు, సరుకే చెబుతుంది. మొదట పాల ప్యాకెట్ చిన్నదవుతుంది. కిలో నూనె ప్యాకెట్ కొనేవాళ్ళు పావు కిలో అడుగుతారు. పప్పు తగ్గి చింతపండు పెరుగుతుంది, పచ్చిపులుసుతో పూట గడుస్తుంది కదా. ఆ తర్వాత తలనొప్పి గోలీలు. సాంచాలు ఆడుతున్న వారం ఆ డబ్బా కదలదు, ఆగిన వారం ఖాళీ అవుతుంది. కొనేది ఎక్కువగా ఆడవాళ్ళే. మొగవాళ్ళ మందు వేరే దుకాణంలో దొరుకుతుంది, దాని సంగతి తర్వాత రాస్తాను.

ఇక బాకీ. పని ఆగిన మొదటి నెలలో మొగవాళ్ళు గల్లా దగ్గరికి వంగి, గొంతు తగ్గించి అడిగేది ఒకటే. "అక్కా, ఇది మా ఇంటామెకు చెప్పకు, వేరే రాసిపెట్టు." సిగరెట్లు, ఫోన్ రీచార్జి, అప్పుడప్పుడు చేబదులుగా తీసుకున్న వంద రెండొందలు. ఆడవాళ్ళ వైపు నుంచి కూడా వస్తుంది ఇదే మాట. "మా ఆయనకు తెల్వద్దు, బీడీ పైసలు రాంగనే కడ్త." పిల్లల ఫీజుకు సంఘంలో తీసిన లోను కిస్తీ కోసం నా దగ్గర తీసుకున్నది అది. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు బాకీ పడతారు, ఇద్దరూ ఎదుటివాళ్ళ మనసు కష్టపెట్టొద్దనే దాస్తారు. మోసం చేయాలన్న బుద్ధి ఎక్కడా లేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టేది.

మా మామయ్య కాలం నుంచి మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. ఒక ఇంటికి ఒకే పేజీ. ఆయన తీసుకున్నా ఆమె తీసుకున్నా పిల్లాడు వచ్చి పట్టుకుపోయినా అదే పేజీలో పడుతుంది, ఎవరు వచ్చి అడిగినా చదివి వినిపిస్తాను. రహస్యం పేజీ పెట్టను. దీని మీద మా ఆయనకూ నాకూ మాట పట్టింపులు వచ్చాయి. పోటీ దుకాణం సందు మలుపులోనే ఉంది, అక్కడ పేజీలు ఎన్ని కావాలంటే అన్ని పెడతారు. కొందరు గిరాకీలు నా మీద అలిగి అటు పోయారు కూడా. పోనీ అనుకున్నాను. పద్దు దాచిపెట్టిన ఇల్లు చివరికి నాకు బాకీ తీర్చేదీ లేదు, సుఖంగా ఉండేదీ లేదు. వ్యాపారం లెక్కన చూసినా నాకది నష్టమే.

ఒక ఆసామి సంగతి చెప్తాను. పేరు వద్దు, వాడ పేరు కూడా వద్దు. ఎనిమిది సాంచాలు ఉండేవి. రెండు కొత్తగా ఫైనాన్సులో తెచ్చాడు. పని ఆగాక గిరిగిరి వాళ్ళ దగ్గర రోజు కిస్తీకి తెచ్చాడు, అది కట్టడానికి తెలిసినవాళ్ళ దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడు, చిట్టీ ఎత్తి దాంట్లో పోశాడు. ఇంట్లో మాత్రం "సేటు పైసలు ఆగినయి, వస్తయి" అని చెప్తూ వచ్చాడు. ఎప్పుడూ జోకులు వేసే మనిషి. అలాంటివాడు గల్లా దగ్గరికి వచ్చి ఏం కొనాలో మరచిపోయి నిలబడేవాడు. గడ్డం గీసుకోవడం మానేశాడు. చిన్నబిడ్డ సైకిల్ ఎవరికో ఊరికే ఇచ్చేశాడు, ఎందుకన్నా అంటే "మాకేం పని ఇగ" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు.

ఆయన భార్యను పిలిచి పేజీ చదివాను. నా పేజీలో ఉన్నది చిన్న మొత్తమే, కానీ తీగ లాగితే డొంక కదిలింది. వారం రోజులు ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. ఆమె తిట్టింది, ఏడ్చింది, పుట్టింటికి పోతానని బట్టలు సర్దింది. నన్నూ తిట్టింది. తర్వాత ఆమె అన్న వచ్చాడు. ముగ్గురూ కూర్చుని ఒక నోటుబుక్కులో ఎవరికెంత, ఏ వడ్డీకి, ఎప్పటి నుంచి అని రాశారు. అందులో కొన్ని పద్దులు ఆయన అనుకున్నదానికంటే తక్కువే తేలాయి. భయంలో ఆయన మనసులో అవి పెరిగి కూర్చున్నాయి. ఫైనాన్సు సాంచాలు రెండూ వాపసు ఇచ్చేశారు. మిగిలినవాటిలో నాలుగు పాత ఇనుము కింద తూకానికి అమ్మారు. ఆసామి అయినవాడు తన సాంచె తూకం వేయించుకోవడం ఎంత కష్టమో మా ఊళ్ళో వాళ్ళకే తెలుసు. ఇప్పుడు వేరేవాళ్ళ షెడ్డులో కార్మికుడిగా పోతున్నాడు. బాకీ ఇంకా ఉంది. మొన్న ఆమె పసుపు కొనడానికి వచ్చి అన్నది, "ఎంతున్నదో తెల్వనప్పుడే భయమైతుండె అక్కా. తెలిసినంక తిట్టుకుంటనన్న బతుకుతున్నం."

అన్ని ఇళ్ళూ ఇలా గట్టెక్కలేదు. మా వాడలో గట్టెక్కని ఇళ్ళు కూడా ఉన్నాయి. వాటి గురించి రాయను, వాళ్ళ పిల్లలు మా దుకాణానికే వస్తారు.

పిల్లలకు తెలియకూడదు అనుకుంటారు అందరూ. పిల్లలకు తెలియనిది ఏముంది? ఏడో తరగతి పిల్లాడొకడు ఇంట్లో రాసిచ్చిన చీటీ పట్టుకుని వస్తాడు. ఒక్కో సరుకు ధర అడిగి, చేతివేళ్ళ మీద కూడుకుని, చీటీలో ఉన్న బిస్కట్ పుడా తనే వద్దంటాడు. "మా బాపుకు పని దొరికినంక తీస్కపోత" అంటాడు. వాళ్ళమ్మ నాతో "పిలగానికి ఏం తెల్వదక్కా" అంటుంది. వాడికి అంతా తెలుసు. తెలియనిది ఒక్కటే, ఇది తన తప్పు కాదని. వాడి పుస్తకాల ఖర్చు వల్లనే ఇంట్లో గొడవలవుతున్నాయని వాడి లెక్క. ఆ లెక్క వాడు ఎవరితో సరిచూసుకోవాలి? తండ్రి వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "పని ఆగింది, నేను వెతుకుతున్న, నీ బడి మాత్రం ఆగదు" అని మూడు మాటలు చెప్తే చాలు. వడ్డీలెంత, ఎవరు తిట్టారు అనేది పిల్లాడికి అక్కర్లేదు. ఎంత చెప్పాలి అనేది వయసును బట్టి ఉంటుంది. అసలే చెప్పకపోవడం మాత్రం ఏ వయసుకూ పనికిరాదు.

ఆడవాళ్ళ దిగులు ఒంట్లోకి దిగుతుంది. "మనసు బాగలేదు" అని మా దగ్గర ఎవరూ అనరు. చేతులు కాళ్ళు గుంజుతున్నాయంటారు, గుండె దడదడ అంటుందంటారు, మెడ పట్టేసిందంటారు. బీడీలు చుట్టే మనిషికి మెడ నొప్పి మామూలే కాబట్టి ఇంట్లోవాళ్ళూ పట్టించుకోరు. ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే గ్లూకోజు బాటిల్ ఎక్కిస్తాడు. ఆ గంటసేపు పడుకోవడానికి దొరికింది కాబట్టి కాస్త తేలికపడుతుంది, నాలుగు రోజులకు మళ్ళీ మొదలు. ఆ బాటిళ్ళ పైసలు కూడా ఎక్కడో ఒక బాకీ పేజీలోనే పడతాయి.

మా చిన్నమ్మాయి నర్సింగు చదువుతోంది. అదే నాకు కొన్ని సంగతులు చెప్పింది. రెండు వారాలకు మించి నిద్ర సరిగా లేక, తిండి సయించక, దేని మీదా మనసు పోక ఉంటే అది సోమరితనం కాదట, జబ్బు కింద చూడాలట. దానికి మందులున్నాయట, అవి పని మొదలుపెట్టడానికే రెండు నుంచి నాలుగు వారాలు పడుతుందట. పది రోజులు వేసుకుని "ఏం గుణం లేదు" అని మానేసేవాళ్ళే ఎక్కువ కదా మన దగ్గర. ఇంకోటి కూడా చెప్పింది. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనం జంకుతాం. అలా ఏం కాదట, అడిగితేనే మనిషి గుండెలో బరువు దించుకునే వీలు దొరుకుతుందట. ఆసామి సైకిల్ ఇచ్చేసినప్పుడు నాకు నచ్చలేదన్నాను కదా, ఉన్న వస్తువులు అలా పంచిపెట్టడం కూడా చూసుకోవాల్సిన గుర్తుల్లో ఒకటట.

అదే నాకు 14416 నంబరు రాసిచ్చింది. టెలి మానస్ అంటారు, మనసు బాగలేనప్పుడు మాట్లాడి సలహా చెప్పే ఫోన్ నంబరు. 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది. పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. బాధ పడేవాళ్ళే చేయాలని లేదు, ఇంట్లోవాళ్ళు కూడా చేసి ఎలా చూసుకోవాలో అడగొచ్చు. నేనే చేసి చూశాను, వాడలో ఒకామె గురించి. అవతల మాట్లాడిన అమ్మాయి ధైర్యం చెప్పే పని పెట్టుకోలేదు. నిద్ర ఎలా ఉంది, తింటోందా, ఒంటరిగా ఉంటోందా, ఇంట్లో ఎవరి మాట వింటుంది అని ఒక్కొక్కటే అడిగింది. నాకు నచ్చింది అదే. మన చుట్టాలకు ఈ పద్ధతి రాదు. "ధైర్యంగా ఉండు" అని చెప్పి చాయ్ తాగి లేచిపోతారు. ధైర్యం అనేది ఉంటే ఆమె మంచం పట్టేదే కాదు కదా.

మొగవాళ్ళ మందు సంగతి. ఆరోగ్యం మాట అటుంచి, కల్లు కాంపౌండు దగ్గర బాకీ పద్దు మా దుకాణం పద్దు కంటే పొడుగు. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడినవాళ్ళు ఒక్కసారిగా మానితే ఏమవుతుందో 2015లో కల్తీ మీద దాడులు చేసినప్పుడు తెలంగాణ అంతా చూసింది. ఆస్పత్రులు నిండిపోయాయి. ఒట్టు పెట్టించి, గదిలో పెట్టి గడియ వేసి మాన్పించాలని చూసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అది డాక్టరు చేతుల మీదుగా జరగాల్సిన పని. ఆ మాట ఎవరో ఒకరు గట్టిగా రాయాలి కాబట్టి రాశాను.

ఇప్పుడు మీ పత్రికల దగ్గరికి వస్తాను.

జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్క చూడండి. ఆ ఏడు దేశంలో ఆత్మహత్యలు 1,70,924. అందులో నాలుగో వంతు కంటే ఎక్కువ మంది రోజు కూలీలు. కారణాల పట్టికలో "కుటుంబ సమస్యలు" అని 31.7 శాతం, "అప్పులు, దివాలా" అని నాలుగు శాతం పైచిలుకు. ఈ రెండు గళ్ళూ చూసి నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మా వాడలో కుటుంబ సమస్యకు, అప్పుకు నడుమ గోడ ఎక్కడుంది? మొగుడూ పెళ్ళాం కొట్లాడుకున్నారు అంటారు. ఎందుకు కొట్లాడుకున్నారు? కిస్తీ అతను పొద్దున్నే వచ్చి వాకిట్లో కూర్చున్నాడు కాబట్టి. పోలీసు కాగితంలో మొదటి మాట ఎక్కుతుంది, రెండోది ఎక్కదు. మరునాడు మీ పేపర్లో "కుటుంబ కలహాలతో" అని వస్తుంది. చదివినవాళ్ళు ఆ ఇంటి ఆడమనిషి వైపు చూస్తారు.

ఇంతకుముందు ఒక పత్రిక, పేరు రాయను, అలాంటి ఒక ఇంటి ఫొటో వేసింది. ఏడుస్తున్న తల్లి, ఆమె కొంగు పట్టుకున్న పిల్లలు, కింద పిల్లల పేర్లు, చదివే తరగతి, ఇంటి గుర్తులు. ఎలా చనిపోయాడో కూడా విడమరిచి రాసింది. ఆ పిల్లలను బడిలో మిగతా పిల్లలు ఏమన్నారో ఆ విలేకరికి తెలియదు, నాకు తెలుసు. భారత ప్రెస్ కౌన్సిల్ 2019లోనే ఆత్మహత్య వార్తలు ఎలా రాయాలో చెప్పింది. పెద్ద అక్షరాలతో మొదటి పేజీలో పెట్టకూడదు, మళ్ళీ మళ్ళీ వేయకూడదు, ఏ విధంగా జరిగిందో, ఎక్కడ జరిగిందో వివరించకూడదు, ఫొటోలు వేయకూడదు. ఈ మాటలు మీ ఆఫీసులో గోడకు అంటించి ఉన్నాయో లేదో గానీ, జిల్లా పేజీలు రాసే కుర్రవాళ్ళ దాకా వచ్చినట్టు మాత్రం నాకు కనబడలేదు.

మీరు రాస్తే పనికొచ్చేది ఇంకొకటుంది. ఎవరైనా అఘాయిత్యం తలపెట్టి బయటపడితే ఇంట్లోవాళ్ళు ఆస్పత్రికి తీసుకుపోవడానికి జంకుతారు, పోలీసు కేసవుతుందని. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 115వ సెక్షన్ ఏం చెబుతుందంటే, అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, శిక్షించకూడదు, వైద్యం, ఆసరా ఇవ్వడం సర్కారు బాధ్యత. 2018 నుంచి అమల్లో ఉంది. మా వాడలో ఈ మాట తెలిసినవాళ్ళు లేరు. సినిమావాళ్ళ పెళ్ళి కబుర్లకు అరపేజీ ఇస్తారు, దీనికి నాలుగు లైన్లు ఇవ్వలేరా?

కిస్తీల సంగతి కూడా అంతే. మైక్రోఫైనాన్సు వాళ్ళు వసూళ్ళ కోసం పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు దాటాక ఫోన్లు చేయకూడదని, ఒక ఇంటి కిస్తీలన్నీ కలిపి ఆ ఇంటి ఆదాయంలో సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022లో ఆదేశాలిచ్చింది. 2010లో ఉమ్మడి రాష్ట్రంలో ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చిందీ ఇలాంటి వసూళ్ళ గోల వల్లే. గిరిగిరి వాళ్ళకు రిజర్వు బ్యాంకు ఎక్కడుందో కూడా తెలియదనుకోండి, అది వేరే కథ. కనీసం పెద్ద కంపెనీల వాళ్ళు వచ్చినప్పుడైనా ఆడవాళ్ళు ఆ మాట అనగలిగితే ఇంట్లో ఒక రాత్రి నిమ్మళంగా గడుస్తుంది.

సర్కారుకు చెప్పేదీ నా దుకాణం పద్ధతే, పద్దు దాచకండి అని. ఈ ఏడు ఎన్ని లక్షల మీటర్ల పని ఇస్తారు, ఏ నెలలో మొదలు, ఏ నెలలో ఆగుతుంది, పైసలు ఎన్ని రోజులకు పడతాయి, యారన్ (నూలు) సబ్సిడీ ఎప్పుడు వస్తుంది, ఇవన్నీ ఏడాది మొదట్లోనే కాగితం మీద రాసి షెడ్ల గోడల మీద అంటించండి. పని తక్కువ ఉంటే తక్కువ అనే రాయండి. ఆర్నెల్లే పని అని ముందే తెలిస్తే మిగతా ఆర్నెల్లకు ఏం చేయాలో ఇంట్లో కూర్చుని మాట్లాడుకుంటారు. 2020 లాక్‌డౌన్‌లో నేత పనివాళ్ళ కోసం సర్కారు పెట్టిన "నేతన్నకు చేయూత" పథకంలోని పొదుపు పైసలు గడువుకు ముందే తీసుకోనిచ్చారు. పైసలు చేతికి రాకముందే, ఫలానా మొత్తం వస్తుందని తెలిసిన రోజునే మనుషుల ముఖాలు మారడం చూశాను. వచ్చేది ఎంతో, ఎప్పుడో తెలిస్తే మనిషి తట్టుకుంటాడు.

మా జిల్లాకు 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది. అక్కడి మానసిక వైద్యులు వారంలో ఒక్క సాయంత్రం, షిఫ్టు మారే వేళకు, సాంచాల వాడల్లో కూర్చుంటే బాగుంటుంది. పొద్దున ఓపీకి పోవాలంటే పగటి షిఫ్టువాడికి కూలి పోతుంది, రాత్రి షిఫ్టువాడికి నిద్ర పోతుంది. "పిచ్చి డాక్టరు" దగ్గరికి పోయాడన్న మాట వేరే. బోర్డు మీద ఏ పేరు రాసినా నాకు అభ్యంతరం లేదు. బీపీ, షుగరు చూసే బల్ల పక్కనే ఇంకో కుర్చీ వేసినా చాలు. చోటు లేదంటే మా దుకాణం ముందు రేకుల షెడ్డు ఉంది. సాయంత్రం ఆరు తర్వాత అక్కడ కూరగాయల బండి కూడా ఉండదు.

2015-16లో బెంగళూరు మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్ళు చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగిందట. అందులో తెలంగాణ లేదు, ఆంధ్ర కూడా లేదు. ఈ మాట మా అమ్మాయి చెప్పినప్పుడు నాకు పెద్ద ఆశ్చర్యం వేయలేదు. మా పద్దు ఎవరూ రాయలేదు, అంతే. మీ విలేకరిని ఒకసారి మా వాడకు పంపండి, చావు జరిగిన రోజు కాదు, మామూలు మంగళవారం నాడు. నా గల్లా పక్కన స్టూలు మీద పూట కూర్చుంటే చాలు, ఎవరి పేరూ రాయకుండానే రెండు పేజీల వార్త దొరుకుతుంది.

చివరగా ఒక చిన్న కోరిక. జిల్లా పేజీలో రోజూ బంగారం, వెండి ధరలు వేస్తారు కదా. మా వాడలో అవి చూసి బంగారం కొనేవాళ్ళు లేరు గానీ, కుదువ పెట్టడానికి చూసేవాళ్ళు మాత్రం రోజూ ఉంటారు. ఆ గడి పక్కనే 14416 అని, తెలుగులో మాట్లాడతారని, పైసలు అక్కర్లేదని రెండు లైన్లు రోజూ వేయండి. దానికి ప్రకటన చార్జీ అవుతుందంటే ఎంతో రాయండి, ఈ వాడ దుకాణాల వాళ్ళం కలిసి నెల నెలా కట్టేస్తాం.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కిరాణా దుకాణం, సిరిసిల్ల